బావిలోని రాయబారి

లవంగికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తను చూడని క్షణంలో బిడ్డ ఊపిరి ఆగిపోతుందని.

పులి అంటే ఆమెకు భయం లేదు. పామంటే లేదు. రాజుగారి కొరడా అన్నా అంతగా లేదు. కాని ముత్తి పుట్టిన ఈ ఎనిమిది నెలల్లో ఆమె ఒక్క కునుకైనా పూర్తిగా తీసి ఎరగదు. మధ్యలో ఉలిక్కిపడి లేచి, చూపుడువేలు మడిచి బిడ్డ ముక్కు దగ్గర పెట్టేది. వెచ్చటి గాలి తగిలితేనే మళ్ళీ తల వాల్చేది. అత్త కొమ్మసాని నవ్వేది.

"ఊపిరి తియ్యడం కూడా పిల్లకు నువ్వే నేర్పుతున్నావా ఏమే? నీ మొగుణ్ణి నేనూ కన్నాను. వాడు పడుకుంటే నేనూ హాయిగా పడుకున్నాను. బతికే ఉన్నాడుగా!"

ఇప్పుడు ఆ అత్త కూడా నవ్వడం మానేసింది.

మొన్న మిట్టమధ్యాహ్నం నిద్రపోయిన ముత్తి ఇంతవరకు లేవలేదు. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. చెంపలు చల్లగా, పాలరాతి బొమ్మ చెంపల్లా ఉన్నాయి. రెండు రోజులుగా పాలు తాగేవాళ్ళు లేక లవంగి గుండెలు రాళ్ళలా గట్టిపడి సలుపుతున్నాయి. బిడ్డ ఊపిరికీ ఊపిరికీ మధ్య నిన్నటిదాకా ఆమె ఇరవై అంకెలు లెక్కపెట్టేది. ఇవాళ తెల్లవారేసరికి ముప్పై దాటింది. ఊళ్ళో ఇంకో ఆరుగురు పసివాళ్ళదీ ఇదే వరస.

ఆ ఊరు త్రిశిఖరం. మూడు తెల్లని కొండలు నెత్తిన మబ్బులు పెట్టుకుని సముద్రంలోకి వంగి చూసుకునే చోటు. మేడలన్నీ చంద్రకాంతశిలలు, వీధులన్నీ మెట్లు, రేవు నిండా రెక్కలు ముడిచిన హంసల్లాంటి ఓడలు. ఎదురుగా గొంతుక అనే సన్నటి సముద్రపాయ. దానికి అవతల జ్వాలాపురం. అక్కడి బురుజుల మీద ఆరని మంటలు పగలు కూడా కెంపుల్లా మెరుస్తూ కనిపిస్తాయి. రెండు ఊళ్ళూ ఒకదాన్నొకటి రోజూ చూసుకుంటాయి. పలకరించుకుని ఎనిమిది వందల ఏళ్ళయింది.

అప్పట్లో పారశీక చక్రవర్తి యవనుల దగ్గరకు రాయబారులను పంపాడు. "పిడికెడు మట్టి, చెంబెడు నీళ్ళు ఇవ్వండి, చాలు" అన్నారు వాళ్ళు. అవి ఇస్తే దేశం ఇచ్చినట్టే లెక్క. యవనులు మండిపడి ఆ రాయబారులను బావిలోకి తోసి, "రెండూ అక్కడే ఉన్నాయి, తీసుకోండి" అన్నారు. ఆ తరవాత ఘోరయుద్ధం. చక్రవర్తి గొంతుక మీద పడవలు వరసగా పేర్చి, తాళ్ళతో బిగించి, వంతెన కట్టాడు. సైన్యం నడుస్తుండగానే సముద్రం దాన్ని మింగేసింది. ఆ యవనుల మనవల మనవలు త్రిశిఖరం వాళ్ళు. ఆ పారశీకుల మనవల మనవలు జ్వాలాపురం వాళ్ళు.

యుద్ధం ఎవరికీ సరిగా గుర్తు లేదు. పగ మాత్రం వంటింట్లో కాపురం పెట్టింది. త్రిశిఖరంలో ఎవరూ ఎవరికీ నీళ్ళు చేతికి ఇవ్వరు, కట్టుకున్న మొగుడికైనా సరే. చెంబు కింద పెట్టి మొహం అటు తిప్పుకోవాలి. కావలసినవాళ్ళు తీసుకోవాలి. పిల్లల చేతులకు మట్టి అంటితే కడిగేదాకా తల్లులకు ప్రాణం కుదుటపడదు. జ్వాలాపురంలో ఏ ఆడది బావిలో చేద వేసినా ముందు వంగి, "ఎవరైనా ఉన్నారా?" అని మూడుసార్లు పిలుస్తుంది. ఎందుకమ్మా అంటే మా అమ్మ పిలిచేది అంటుంది.

మూడు రోజులుగా మిట్టమధ్యాహ్నం కాగానే సముద్రం వెనక్కి తీసేస్తోంది. నాచు పట్టిన ఆ పాత వంతెన పడవలు వరసగా పైకి తేలుతున్నాయి. వాటికి ఆ చివర పారశీకుల దండు, ఈ చివర యవనుల దండు నిలబడుతున్నాయి. నీడలు లేని మనుషులు, కళ్ళ స్థానంలో ఉప్పు. నిన్న ఒక జాలరి తెగించి ఆ వంతెన మీద పది అడుగులు వేశాడు. ఇటు గట్టున ఉన్న యవన ప్రేతాలు వాడి వీపు చూశాయి. శత్రువు దగ్గరకు పోతున్న ద్రోహి అనుకుని బల్లేలు విసిరాయి. గాయం కనపడలేదు గాని జాలరి లేవలేదు.

"ఇది జ్వాలాపురం వాళ్ళ క్షుద్రం! పిల్లల్ని పడగొట్టింది వాళ్ళే!" అన్నాడు రాజగురువు భస్మాక్షుడు. ఆయన వయసు ఎంతో ఎవరికీ తెలియదు. ముత్తాతలు చూసినప్పుడూ అదే నల్లటి గడ్డమట. కోరిన రూపం ఎత్తగలడని కూడా చెప్పుకుంటారు. ఆయన మాట మీద రాజు ఓడలు సిద్ధం చేయించాడు. లవంగి మొగుడు తరళుడు ఆ ఓడల్లో ఒకదాని తెడ్డు దగ్గరే ఉన్నాడు.

నిన్న మధ్యాహ్నం లవంగి ఉయ్యాల పక్కన కూర్చుని ఉండగా ముత్తి పెదవులు కదిలాయి. ఇంకా 'అత్త', 'తాత' అనడం కూడా రాని పిల్ల. ఆ చిన్న నోట్లోంచి ముసలి మగగొంతు బయటకు వచ్చింది.

"తల్లీ, బావి దగ్గరకు రా. జవాబు కోసం నిలబడి ఉన్నాం."

* * *

పాత కోట పెరట్లో ఆ బావి ఉంది. దాని రాతిమూత మీద ఏటేటా భస్మాక్షుడు స్వయంగా లక్కముద్ర వేసేవాడు. కావలివాళ్ళంతా రేవులో ఓడలకు ఎక్కించే బల్లేలు మోస్తున్నారు. తెల్లవారి రెండు గడియలు కాకుండానే లవంగి భుజాన తాళ్ళచుట్ట వేసుకుని అక్కడ ఉంది. తాళ్ళు పేనే ఇల్లు వాళ్ళది. ముత్తిని అత్తకు అప్పగించి, "కళ్ళు ఆర్పకు అత్తా" అని మూడుసార్లు చెప్పి వచ్చింది.

ముద్ర పగలగొట్టింది. గునపం దూర్చి మూత పక్కకు నెట్టింది. కింద నల్లటి చీకటి. చద్దన్నం వాసనలాంటి, పాత బట్టల పెట్టె వాసనలాంటి చల్లగాలి మొహానికి కొట్టింది. ఏమనాలో తోచలేదు. చిన్నప్పుడు జ్వాలాపురం ఆడవాళ్ళను వెక్కిరిస్తూ అరిచిన మాటే నోటికి వచ్చింది.

"ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాం" అంది బావి.

తాడు గిలకకు ముడివేసి, చీర చెంగు నడుముకు బిగించి, గోడ రాళ్ళ మీద కాళ్ళు ఆనిస్తూ దిగింది. ఇరవై బారల లోతు. అడుగున నడుము లోతు నీళ్ళలో ఒక ముసలివాడు నిలబడి ఉన్నాడు. జరీ అంగరఖా నీళ్ళ మీద తామరాకులా తేలుతోంది. గడ్డం పాచిలా పచ్చగా ఉంది. పక్కన ఇంకో ఇద్దరు ఉండేవారన్నట్టు రెండు తలపాగాలు మాత్రం తేలుతున్నాయి.

"నా పేరు మిహిరదత్తుడు. వాళ్ళిద్దరూ ఓపిక లేక కరిగిపోయారు. నువ్వు దిగేటప్పుడు తాడు చూశాను. ఆ మూడు పురుల పేనకం ఎక్కడ నేర్చుకున్నావు?"

"నా ఏడో ఏట మా మామగారు నేర్పారు. మా యవనుల పని తాతా ఇది, ఇంకెవరికీ రాదు."

ముసలివాడు నవ్వాడు. గొంతులో నీళ్ళు గుడగుడలాడాయి. "అది మా వంతెన తాళ్ళ పేనకం తల్లీ. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్కలు విప్పి చూసి నేర్చుకుని ఉంటారు మీవాళ్ళు. మా బురుజులు కట్టింది మాకు పట్టుబడిన మీ రాతిపనివాళ్ళు. ఎనిమిది వందల ఏళ్ళు కొట్టుకుని, ఒకళ్ళ ఇంటి సామాను ఒకళ్ళు వాడుకుంటున్నారు."

"మా తాళ్ళ సంగతి తరవాత. నా పిల్లను ఎందుకు పట్టుకున్నావు? అది నీకేం చేసింది?" లవంగి గొంతు బావి గోడలకు కొట్టుకుని నాలుగు గొంతులైంది.

మిహిరదత్తుడు తల దించుకున్నాడు. "తప్పే. చచ్చినవాడికి సిగ్గు ఉండదమ్మా. మాకు నోరు లేదు. ఇంకా మాటలు రాని నోళ్ళే మాకు లోకువగా దొరికాయి. ఆ పిల్లల ఊపిరి మీద మా మాట నడుస్తోంది. గొంతుక నాలుగు రోజులే దారి ఇస్తుంది. ఇవాళ నాలుగోది. పొద్దువాలేలోపు మా రాజుకు జవాబు అందకపోతే మేమూ పోతాం, ఆ ఊపిరీ మాతోనే పోతుంది."

"ఏం జవాబు? మట్టీ నీళ్ళూ ఇమ్మంటావా? ఇస్తే మా దేశం ఇచ్చినట్టేగా!"

"ఇవ్వం అని చెప్పు. ఛీ అని చెప్పు. ఏదైనా సరే. కాని మనిషి వచ్చి, ఎదురుగా నిలబడి, మొహం చూసి చెప్పాలి. రాయబారి జవాబు లేకుండా తిరిగి పోకూడదు. రాజు జవాబు వినకుండా లేవకూడదు. ఆయన ఇంకా ఆ గట్టున బంగారు పీట మీద కూర్చునే ఉన్నాడు. దండు ఆయన వెనక నిలబడే ఉంది. దాన్ని చూస్తూ మీ దండు నిలబడే ఉంది. కూర్చోమని ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు."

లవంగి మొహం తుడుచుకుంది. బావినీళ్ళో కన్నీళ్ళో తెలియలేదు. అప్పుడు చూసింది, ఆ ముసలివాడి పెదవులు ఎండి పగిలి ఉన్నాయి.

"తాతా, నీళ్ళలో ఉండి దాహమేమిటి?"

"ఎవరూ ఇచ్చిన నీళ్ళు కావు గదా. గొంతు దిగవు."

పుట్టి పందొమ్మిదేళ్ళు. ఒక్కసారైనా ఇంకొకరి చేతిలో నీళ్ళు పెట్టి ఎరగదు లవంగి. చెయ్యి దానంతట అదే వెనక్కి పోయింది. తరవాత ముత్తి చప్పరించే పెదవులు గుర్తుకొచ్చాయి. దోసిలి పట్టి నీళ్ళు తీసి ముసలివాడి నోటికి అందించింది.

ఆయన తాగాడు. కళ్ళలోని ఉప్పు కరిగి, లోపల నల్లటి మామూలు కళ్ళు కనిపించాయి. ఎవరింట్లోనో అరుగు మీద కూర్చునే తాత కళ్ళు.

"మూత మీద ముద్ర వేసినవాడు పగ తిని బతికేవాడు" అన్నాడు సన్నగా. "జవాబు అందిన రోజు వాడికి తిండి లేదు. నిన్ను ఆపుతాడు. ఇంకో మాట. మధ్యాహ్నం వంతెన మీద దాటిన పడవ దాటినట్టే మునిగిపోతుంది. వెనక్కి దారి ఉండదు. ఇదిగో, ఇది చూపిస్తే మా రాజు నువ్వు చెప్పేది వింటాడు."

ఆమె అరచేతిలో ఒక ముద్రుటుంగరం మిగిలింది. నీళ్ళ మీద మూడు తలపాగాలు తేలుతున్నాయి.

లవంగి వెంట తెచ్చుకున్న చెంబు ముంచి, మూతికి గుడ్డ కట్టి, నడుముకు తగిలించుకుంది. జవాబు ఆమెకు అక్కడే తోచింది. మట్టి ఇవ్వను. మట్టి మాది. దాహమైతే నీళ్ళు మాత్రం ఇదిగో, నా చేత్తో ఇస్తాను, తాగి వెళ్ళండి. అంతే. పెద్ద చదువు చదివినవాళ్ళయితే ఇంకా బాగా చెప్పేవారేమో.

* * *

పరుగున ఇంటి తాళ్ళసాలకు చేరేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. అత్త ఉయ్యాల పక్కనే కూర్చుని మెల్లగా ఊపుతోంది.

"ఎలా ఉంది?"

"అలాగే ఉంది. నువ్వు పో, నేను చూస్తాను. ముందు గొంతు తడుపుకో, మొహం చూడు ఎలా పీక్కుపోయిందో." అత్త లోటా అందించింది. లవంగి గటగటా తాగి, లోటా తిరిగి ఇచ్చి, వేలు మడిచి బిడ్డ ముక్కు దగ్గర పెట్టింది. ముప్పై ఐదు అంకెలకు వెచ్చటి గాలి తగిలింది.

అప్పుడే సముద్రం పెద్దగా నిట్టూర్చి వెనక్కి జరిగింది.

లవంగి మూడు వందల బారల తాడు తీసింది. ఒక కొస ఉయ్యాల కొక్కానికి ముడివేసింది. ఉయ్యాల ఊగితే ఆ ఊపు తాడులోంచి తన చేతికి తెలుస్తుంది. అది తెలుస్తూ ఉంటే ఎంత దూరమైనా నడవగలదు. చుట్ట భుజాన వేసుకుని గట్టు దిగింది.

నాచు కారుతున్న పడవల వరస పాయ మీద పాము వెన్నెముకలా సాగి ఉంది. వాటి మీద సన్నటి ఆవిరి. అటు దూరంగా వేలకు వేల బల్లేల మొనలు, మధ్యలో బంగారు పీట, దాని మీద కదలని ఆకారం. ఇటు, లవంగి భుజాలు రాసుకునేంత దగ్గరగా, ఇత్తడి శిరస్త్రాణాల కింద ఉప్పుకళ్ళతో ఆమె సొంత పూర్వులు. ఆమె మొదటి పడవ మీద కాలు పెట్టి అటు తిరగ్గానే వెనక వెయ్యి బల్లేలు ఒక్కసారి పైకి లేచిన చప్పుడైంది. చటుక్కున ఇటు తిరిగింది. బల్లేలు దిగాయి.

వీపు చూస్తే ఇటువాళ్ళు చంపుతారు. మొహం చూస్తే, శత్రువు మీదికి వస్తోందని అటువాళ్ళు చంపుతారు. మరి దాటేది ఎలా?

భుజం మీద తాడు బరువుగా జారింది. దాన్ని సర్దుకోబోతూ ఆగింది లవంగి. తాడు పేనేవాళ్ళు ఎలా నడుస్తారు? ఏడేళ్ళ వయసు నుంచి రోజూ తను నడుస్తున్నది ఎలాగ? గుంజ వైపు మొహం పెట్టి, పురి వదులుతూ, వెనక్కి, వెనక్కి, సాల చివరిదాకా. ఏ రాయి ఎక్కడ ఉందో మడమలే చూసుకుంటాయి.

ఇంటివైపే మొహం పెట్టి ఆమె వెనక్కి ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది.

ఇటు యవన ప్రేతాలకు ఆమె మొహం కనిపించింది. మన పిల్ల ఇంటికి వస్తోంది అనుకున్నాయేమో, కదలలేదు. అటు పారశీక ప్రేతాలకు ఆమె వీపు కనిపించింది. మన సైనికుడు ముందుకు పోతున్నాడు అనుకున్నాయేమో, వింటినారులు సడలాయి. ఇరువైపులా ఆమెను తమ మనిషే అనుకున్నారు. ఆమె దాటిన మొదటి పడవ నిశ్శబ్దంగా మునిగింది.

పది పడవలు. ఇరవై. మడమ కింద నాచు జారింది. చెంబు తొడకు కొట్టుకుంది. ఒకచోట కుళ్ళిన పాత తాడు పుటుక్కున తెగి రెండు పడవలు విడిపోయాయి. లవంగి చూడకుండానే చుట్టకు కట్టిన చిన్న తాడు విప్పి రెంటినీ కలిపి మూడు పురుల ముడి వేసి దాటింది. ఉంగరం బొటనవేలికి మంచులా చల్లగా ఉంది. చేతిలో తాడు మెల్లగా, లయగా ఊగుతోంది. ఉయ్యాల ఊగుతోంది. ఫరవాలేదు.

నలభై. యాభై. ఎదురుగా తాళ్ళసాల గుమ్మం అరచెయ్యంత అయింది. అందులో చీమంత ఉయ్యాల, పక్కన మిరపగింజంత అత్త. ఎంత చిన్నదవుతున్నా ఆమె చూపు తిప్పలేదు. లోకంలో ఏ తల్లికీ రాని వరం ఇది, బిడ్డను చూసుకుంటూనే దూరం పోవడం.

అరవయ్యో పడవ మీద నాలుక ఎండిపోయింది. ఇందాక తాగిన నీళ్ళు గుర్తుకొచ్చాయి. లోటా గుర్తుకొచ్చింది. ఆ లోటా...

అడుగు తడబడింది.

అత్త ఆ లోటాను కింద పెట్టలేదు. మొహం అటు తిప్పుకోలేదు. చేతికి ఇచ్చింది.

కొమ్మసాని ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచి ఇవాళ్టిదాకా ఎవరికీ నీళ్ళు చేతికి ఇచ్చిన మనిషి కాదు. కట్టుకున్న మొగుడు ప్రాణం పోయే ముందు నీళ్ళు అడిగితే కూడా చెంబు మంచం పక్కన పెట్టి, మొహం తిప్పుకుని ఏడ్చిన మనిషి. పగ తిని బతికేవాడికి పగ తెలుస్తుంది, యుద్ధాలు తెలుస్తాయి. ఇంట్లో చెంబు ఎక్కడ పెడతారో ఏం తెలుస్తుంది?

లవంగి కళ్ళు చిట్లించి చూసింది. కొండదారి మీద ఒక చుక్క కదులుతోంది. ఎడమకాలు కాస్త ఈడుస్తూ, నెత్తిన ఆకుల మూటతో దిగుతోంది. ఆ నడక ఆమెకు వెయ్యిమందిలో తెలుసు. అది అత్త. పసరుమందు కోసం కొండెక్కి ఇప్పుడు దిగుతోంది. పిల్లను వదిలి వెళ్ళే మనిషి కాదే! ఎవరో నమ్మకంగా చెప్పి పంపి ఉండాలి. "నువ్వెళ్ళి ఆకులు తే అత్తా, నేను వచ్చేశానుగా" అని. ఎవరి రూపంలో వచ్చి చెప్పి ఉంటాడు? తన రూపంలోనే.

మరి ఉయ్యాల ఊపుతున్నది?

"అత్తా! పరుగెత్తు! ఉయ్యాల దగ్గర ఉన్నది భస్మాక్షుడు!" గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపుకు ఇటు యవనులూ అటు పారశీకులూ ఒక్కసారే తల ఎత్తారు. కొండదారి మీది చుక్క మాత్రం ఆగలేదు, తొందరపడలేదు. ఈడుపుకాలుతో దాని మానాన అది దిగుతూనే ఉంది. అంత దూరం వినపడదు. ముందుకు ఒక్క అడుగు వేయబోయింది లవంగి. కాలికింద నీళ్ళు తగిలాయి. ఇందాకటి పడవ లేదు. దాని ముందుదీ లేదు. ఇంటికి దారి లేదు. జవాబు చేరాలి, చేరితేనే ఏడుగురి ఊపిరి నిలుస్తుంది, అందులో ముత్తిదీ ఉంది. వెనక్కి నడవడం ఒక్కటే మిగిలింది.

నడిచింది. ఏడుస్తూ, లెక్కపెడుతూ నడిచింది.

పడవల మీది ఆవిరి చిక్కబడి గట్టు మీదికి పాకింది. కొండలు పోయాయి. దారి పోయింది. తాళ్ళసాల గుమ్మం ఒక్క క్షణం మసకగా కనిపించి అదీ పోయింది. చేతిలో తాడు ఒక్కటే ఉంది. అది ఒకసారి ఊగింది. కాసేపటికి రెండోసారి ఊగింది.

తరవాత ఊగలేదు.

ముప్పై ఆరు. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది. లవంగి పెదవులు అంకెలు పలుకుతూనే ఉన్నాయి, మడమలు వెనక్కి పడుతూనే ఉన్నాయి. వీపు వెనక బంగారు పీట మీది ఆకారం మెల్లగా పైకి లేస్తున్న చప్పుడు వినిపించింది.

ఆమెకు తిరిగి వచ్చే దారి లేదు. ఇది చదువుతున్న మీకు ఆ అడ్డు లేదు. మీరు ఈ గట్టునే ఉన్నారు. తాళ్ళసాల తలుపుకు గడియ ఉండదు, తోస్తే తెరుచుకుంటుంది. లోపల కొమ్మసానిలా కూర్చున్న మనిషిని పలకరించకండి. చేతికి నీళ్ళు ఇస్తే తీసుకోకండి. నేరుగా ఉయ్యాల దగ్గరకు వెళ్ళి, చూపుడువేలు మడిచి, ముత్తి ముక్కు దగ్గర పెట్టి, వెచ్చగా తగులుతోందో లేదో ఒక్కసారి చూడండి.